పది సెకన్లు

తేదీ పదిహేడు, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. స్థలం, ఆసుపత్రి కింది అంతస్తులోని జనరేటరు గది. హాజరైనవారు ముగ్గురు: తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, నెల కిందటే ఉద్యోగంలో చేరిన మేనేజరు, కరెంటు పోగానే జనరేటరును నడిపించే ప్యానెల్ బిగించిన వైర్‌మన్. ఫారం మీద ఇంతవరకు నింపి ఇన్‌స్పెక్టరు కలానికి మూత పెట్టాడు.

వైర్‌మన్ చూపంతా ఆ ఫారం మీదే ఉంది. పన్నెండేళ్లుగా అతను చేసిన ప్రతి పనీ లైసెన్సున్న మరొకరి పేరు మీద చెల్లుబాటయింది. ఈ ఒక్కటీ తన పేరుతో నెగ్గితే లైసెన్సు చేతికొస్తుంది. దానికి ఈయన సంతకం పడాలి.

"లైసెన్సు లేకుండానే ఇంత పనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ప్యానెల్ తలుపు తెరుస్తూ.

"చెయ్యి మంచిదే సార్. కాగితమే లేదు."

మేనేజరు నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

"ఈ ఫైలు నేనే అడిగి వేయించుకున్నానయ్యా. దీన్ని ఇంకొకరికి వదలదలుచుకోలేదు."

ఈయన నిప్పులాంటి మనిషని, ఎవరి పనికీ అంత తేలిగ్గా సంతకం పెట్టడని అందరూ చెప్పుకోగా వైర్‌మన్ విన్నాడు.

అరగంట సేపు టార్చి వేసి ఒక్కొక్క తీగే చూశాడు ఇన్‌స్పెక్టరు. వంక దొరకలేదు.

"డ్రాయింగు ఏది?"

"పైన ఆఫీసులో ఉంది సార్."

"పట్రా. మేనేజరుగారూ, దాని మీద మీ సంతకం కూడా ఉండాలి. మీరూ వెళ్లండి."

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి ప్యానెల్ తలుపు మూసి ఉంది. ఇన్‌స్పెక్టరు రుమాలుతో వేళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఇక పరీక్ష. మెయిన్ స్విచ్చి దించుతాను. పది సెకన్లలో జనరేటరు అందుకోవాలి."

"ఏడు చాలు సార్. నిన్న ఇరవైసార్లు చూశాను."

"సరే. ఆలోగా పై అంతస్తుకు కరెంటిచ్చే బ్యాటరీలు కూడా తీసెయ్యండి."

మేనేజరు ఉలిక్కిపడ్డాడు. "పైన ఒకావిడ మిషను మీదే ఊపిరి తీసుకుంటోందండీ. కనీసం నర్సుకు ఒక మాట చెప్పొస్తాను."

"కరెంటు పోయేముందు కబురు పెడుతుందా? బ్యాటరీ ఉంటే జనరేటరు ఎప్పుడు అందుకుందో నాకెలా తెలుస్తుంది? వద్దంటే వద్దనండి. పరీక్షకు ఒప్పుకోలేదని రాసుకుని నా దారిన నేను పోతాను."

మేనేజరు వైర్‌మన్ మొహంలోకి చూశాడు. "ఏమయ్యా?"

పన్నెండేళ్లు. వైర్‌మన్ ఫారం వైపు చూశాడు. "ఏడే సెకన్లు సార్. పూచీ నాది."

మూలనున్న బ్యాటరీల స్విచ్చి మేనేజరే దించాడు. ఇన్‌స్పెక్టరు మెయిన్ దించి, పరీక్ష మధ్యలో ఎవరూ వెయ్యకుండా దాని పిడికి తన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. గది చీకటయింది. టార్చి వెలుగు గడియారం మీద పడింది.

ఏడు. ఎనిమిది. పది.

ప్యానెల్‌లో టక్కుమని చప్పుడయింది. జనరేటరు ఉలకలేదు, పలకలేదు.

"మెయిన్ వేసెయ్యండి సార్."

"ప్యానెల్‌ను దానంతటదే మూడుసార్లు ప్రయత్నించనివ్వాలి. నిబంధన అది. మూడూ అయ్యాకే లెక్క."

పై అంతస్తులో ఎవరో పరుగెత్తారు. ఎవరో డాక్టరును కేకేశారు. మేనేజరు తడుముకుంటూ మెట్ల వైపు పరుగు తీశాడు. వైర్‌మన్ ఇన్‌స్పెక్టరు చేతులు పట్టుకున్నాడు.

"దండం పెడతాను సార్. తాళం తియ్యండి."

"చెయ్యి వదులు. ఇంకా రెండోదే కాలేదు."

మెయిన్ మళ్లీ పడేసరికి నాలుగు నిమిషాలయింది. ఇన్‌స్పెక్టరు ప్యానెల్ తెరిచి ఒక తీగను కొనవేలితో కదిపాడు. అది ఊడి వచ్చింది.

"ఇదీ నీ పని."

"బిగించాను సార్. ఈ చేత్తోనే బిగించాను. పొద్దున్న కూడా లాగి చూశాను."

"లాగి చూస్తే ఇలా ఊడివస్తుందా?"

వైర్‌మన్ తన చేతిని చూసుకున్నాడు. బిగించాడు. బిగించాననే అనుకున్నాడు. వందసార్లు చేసిన పని, నూటొకటోసారి చేశాడో లేదో ఎలా చెప్పడం? కాసేపటికి తన చేతి మీద తనకే నమ్మకం పోయింది.

"నేనే మరిచిపోయి ఉంటాను సార్," అన్నాడు చివరికి.

"ఆ మాటే రాస్తున్నాను."

మేనేజరు తిరిగి వచ్చాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆవిడ పోయింది. నర్సు గాలికొట్టే సంచి వెతికి తెచ్చేలోపే పోయింది." వైర్‌మన్ వైపు తిరిగాడు. "ఏడు సెకన్లన్నావు కదరా."

వైర్‌మన్ గోడకు జారగిలబడి కూలబడిపోయాడు.

ఇన్‌స్పెక్టరు ఫారం నింపాడు. పని లోపభూయిష్టం. మరణానికి కారణం వైర్‌మన్ నిర్లక్ష్యం, అతనే ఒప్పుకున్నాడు. ధ్రువీకరణ నిరాకరించడమైనది.

"మీరు గనక పట్టుకున్నారు సార్," అన్నాడు మేనేజరు. "లేకపోతే ముందు ముందు ఇంకెందరి ప్రాణాలు పోయేవో. ఇప్పుడు ఆవిడ మనుషులకు ఏమని చెప్పను?"

"ఉన్నది చెప్పండి. తప్పెవరిదో కాగితం మీద ఉంది."

నర్సు మెట్లు దిగి వచ్చి, మేనేజరును దాటి, నేల మీద కూర్చున్న వైర్‌మన్‌ను దాటి, ఇన్‌స్పెక్టరు ముందు మరొక కాగితం పెట్టింది. 'మృతురాలికి ఏమవుతారు' అన్న గడిలో అతను తొట్రుపడకుండా 'భర్త' అని రాసి, సంతకం చేసి, తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.