చవక స్కోపు

"చవకదని చెత్త అంటగట్టావు కదయ్యా!" తిహోమిర్ తూటాలు తీసేసిన తుపాకీని అల్లుడి ఛాతీకేసి నెట్టాడు. "అడవిపంది ఇరవై అడుగుల్లోకి వచ్చింది. నువ్వు కొనిచ్చిన ఈ దుర్భిణి స్కోపులో బొచ్చు తప్ప ఏమీ కనపడలేదు. గురి తప్పి దాని కాలికి తగిలింది. తిక్కరేగి నా జూజాని ఎలా చీల్చిందో చూడు!"

వేటకుక్క జూజా గడ్డిలో పడి మూలుగుతోంది. పంది ముళ్లపొదల్లోకి దూరింది.

"మామగారూ, నాదీ అదే కొట్లో అదే రేటుకి కొన్నా," అన్నాడు ఒగ్నెన్.

"అంటే మంచిది నువ్వుంచుకుని ముష్టిది నా మొహాన కొట్టావన్నమాట!"

తిహోమిర్ అల్లుడి తుపాకీ లాక్కుని స్కోపులోంచి పొదలకేసి చూశాడు. కొమ్మ కొమ్మా తెలిసింది. మళ్లీ తన దాంట్లో చూశాడు. అద్దం నిండా ఒక్క ఆకే.

"చూశావా, దొంగా!"

ఒగ్నెన్ చెయ్యి చాచి, మామగారి స్కోపు మీద బొమ్మని పెద్దది చేసే చక్రాన్ని తొమ్మిది రెట్ల నుంచి మూడుకి తిప్పాడు. పొద మొత్తం అద్దంలోకి వచ్చింది.

తిహోమిర్‌కి అప్పుడు గుర్తొచ్చింది. లోయ అవతలి మఠం గంటని దగ్గరగా చూద్దామని పొద్దున ఆ చక్రాన్ని చివరిదాకా తిప్పింది తనే.

వేటపెద్ద ల్యూబిసావ్ ఆయాసపడుతూ వచ్చాడు. "ఏమైంది? అరుపులు విన్నా. స్కోపు పాడైందా?"

"అవును పెద్దాయనా. చవకది కొన్నాను, తప్పు నాదే," అన్నాడు ఒగ్నెన్.

"నోర్ముయ్!" తిహోమిర్ అరుపు కొండంతా వినిపించింది. "అబద్ధమాడమని నిన్నెవడడిగాడు? స్కోపు లక్షణంగా ఉంది. చక్రం తిప్పి మరిచిపోయిన వెధవని నేను! నువ్వు కుక్కని డాక్టరు దగ్గరికి మోసుకెళ్లు. పందికి గాయం చేసినవాడే దాన్ని వెతికి చంపాలి. పొదల్లోకి నేను పోతా."