కదలని కారు

"కారు తియ్యుండ్రి సేటూ, మీ కాల్మొక్కుత!"

గేటు తోసుకొని వచ్చిన దేవసహాయం మాస్టరు చొక్కా నిండా నెత్తురు. మధుసూదన్ సేటు ముందుగా వాకిట్లో ఉన్న కారు వైపు చూశాడు. ఆ తరువాతే మనిషి వైపు.

"ఏమైంది మాస్టరూ?"

"పిల్లగానికి తూటా తగిలింది. మా ఎనక సందుల పడిపోతే ఇంట్లకు మోసుకొచ్చినం. తొడకు గట్టిగ కట్టు కట్టినా నెత్తురు ఆగుతలేదు. దవాఖానకు తీస్కపోవాలె. టాంగాలు బందు, బస్సులు బందు. మన గల్లీల మీ కారొక్కటే దిక్కు."

"జెండా పట్టుకొని రోడ్డు మీదికి పోయిండా?"

"పోయిండు."

"గిట్లయితదని మీ తమ్ముడు రిచర్డ్‌కు నేను ఎన్నిసార్లు చెప్పిన మాస్టరూ! ఇన్నడా?"

దేవసహాయం ఏదో చెప్పబోయి ఆగాడు. "ఎవరైతేంది సేటూ, పానం ఉన్నది ఇంక. జెర జల్ది."

"కారు ఖరాబైంది. మూడు దినాల సంది స్టార్ట్ అయితలేదు."

"మీకు రాని రిపేరా? దొర ఇడిసిపెట్టి పోయిన డొక్కును మీరే ఇప్పి మీరే బిగించుకుంటిరి. ఇంతవరకు ఒక్క మిస్త్రీని గేటు లోపలికి రానిచ్చిండ్రా? చూడుండ్రి, దండం పెడత."

కారుకు ఏ జబ్బూ లేదు. ఇండియా ఫౌజు సరిహద్దు దాటిందని తెలిసిన రోజే సేటు ఇంజనులోంచి రోటర్ పీకి రొండిన దోపుకున్నాడు. బొటనవేలంత ముక్క. ప్లగ్గులకు నిప్పురవ్వ అందించేది అదే. అది లేకపోతే బండి కదలదు. కదిలే బండి కంటబడితే రజాకార్లు ఎత్తుకుపోతారు, కదలనిదాన్ని పాత ఇనుమని వదిలేస్తారు. నిన్ననే వచ్చి, బండి ముందున్న స్టార్టింగు హ్యాండిల్ తిప్పి చూసి, టైరును ఒక తన్ను తన్ని వెళ్లిపోయారు.

ఇప్పుడు ముక్క పెట్టి బండి బయటికి తీస్తే నిన్నటి అబద్ధం బయటపడుతుంది. పైగా ఎక్కించుకునేది తూటా తగిలిన కాంగ్రెసు పిల్లవాణ్ణి. కారు పోతుంది, దుకాణం తగలబడుతుంది, తానూ బతకడు. ఇంతా పోగొట్టుకునేది ఎవరి కోసం? పొరుగింటివాడి తమ్ముడి కోసం. సేటు తన ఒక్కగానొక్క కొడుకును ముందే యాప్రాల్‌లో మేనమామ ఇంటికి పంపి దాచాడు. వాళ్ల పిల్లవాణ్ణి వాళ్లు దాచుకోకపోతే ఆ నష్టం తన నెత్తికెందుకు?

అయితే ముఖం మీద కాదనడం కూడా బేరం చెడగొట్టుకోవడమే. రేపు రాజ్యం మారితే మాస్టరుతో పని పడవచ్చు.

"ఉండుండ్రి, పానా తెస్త," అన్నాడు.

బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించాడు. కార్బొరేటర్ ఊడదీసి నోటితో ఊదాడు. బాగున్న బండిని బాగుచేస్తున్నట్టు నటించడం నిజం రిపేరుకన్నా కష్టమని ఆయనకు ఆ రోజే తెలిసింది.

"ఇగ తిప్పుండ్రి."

దేవసహాయం బండి ముందు వంగి హ్యాండిల్ తిప్పాడు. ఇంజను మూలిగి ఊరుకుంది.

"పెట్రోలు ఎక్కుతలేదేమో," అన్నాడు సేటు. మళ్లీ విప్పాడు, ఊదాడు, బిగించాడు. మాస్టరు మళ్లీ తిప్పాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి.

"ఇడిసిపెట్టుండ్రి మాస్టరూ, చేతులు పోతయి."

"పోతె పోనియ్యుండ్రి. మీరు మాత్రం ఇడవకుండ్రి సేటూ. వాని పానం మీ చేతులల్లనే ఉన్నది."

గోడ మీదుగా దేవసహాయం భార్య సలోమి తల కనిపించింది. "ఇంకెంతసేపు? నీళ్లు నీళ్లు అంటుండు." ఆమె సేటు వైపు తిరిగి నోరు తెరిచింది.

"నువ్వు లోపలికి పో!" అని కసిరాడు దేవసహాయం.

తిట్టబోయిందని సేటుకు అర్థమైంది. తిట్టనీ. తిట్టు తింటే ఒంట్లోంచి ఏమీ పోదు.

ఒక్కసారి మాత్రం ఆయన చెయ్యి రొండి దాకా వెళ్లింది. ముక్క వేళ్లకు తగిలింది. పెట్టి మూత బిగించడానికి నిమిషం చాలు. అంతలో రోడ్డు మీద లారీ చప్పుడు, రజాకార్ల నినాదాలు. చెయ్యి వెనక్కి వచ్చింది. లారీ గల్లీ మొదట్లో ఆగకుండానే పోయింది. చెయ్యి మాత్రం మళ్లీ అటు పోలేదు.

దేవసహాయం తిప్పుతూనే ఉన్నాడు. పక్కింట్లో సలోమి ఒక్కసారిగా గొల్లుమంది. ఆయన హ్యాండిల్ వదిలేసి, బండికి ఆనుకొని అక్కడే కూలబడ్డాడు.

సేటు గుడ్డతో చేతుల మసి తుడుచుకున్నాడు. జాలి వేయకపోలేదు. కానీ దాని అడుగున, ఇక కారు ఎవరూ అడగరన్న నిమ్మళం కూడా ఉంది. మిగిలింది ఓదార్పు. అది ఆయనకు చేతనైన పనే.

"చేసేదంత చేస్తిమి మాస్టరూ. దేవుడు అంతే రాసిండు," అంటూ పక్కన కూర్చొని భుజం మీద చెయ్యి వేశాడు. "మట్టి ఖర్చు నాది. మీరు పరేషాన్ కాకుండ్రి. రిచర్డ్ నాకు పరాయోడా?"

దేవసహాయం తలెత్తి చూశాడు.

"రిచర్డ్ మొన్ననే బెజవాడ చేరిండు సేటూ," అన్నాడు. "ఈ బండిని బాగు చేసుడు తెలిసింది మీకొక్కరికే. ముందుగాల చెప్తే రిపేరు చేసే చేతులు వణుకుతయని చెప్పలే. మా ఇంట్లకు రండ్రి, యాప్రాల్ నుంచి తప్పించుకొచ్చిన మీ కొడుకును చూసుకుందురు."