ఒళ్లు విదిలించని పొట్టేలు

రెండో చెంబు నీళ్లు పోసినా కొమ్ములోడు కదల్లేదు.

సుంకులమ్మ గుడి ముందు ఎండ చురుక్కుమంటోంది. పొట్టేలు మెడలో వేపమండలు, నుదుట పసుపు కుంకుమ. వీపు మీద పోసిన నీళ్లు బొచ్చులోంచి కారి పొట్ట కింద బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. పొట్టేలు ఒళ్లు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఆమె ఒప్పుకోనిదే కత్తి ఎత్తరు. ఈ మహానుభావుడేమో పెళ్లికొచ్చిన చుట్టంలా తాపీగా నెమరేస్తూ నిలబడ్డాడు.

గోరంట్ల నుంచి ఆటోల్లో దిగిన బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెట్టు కింద పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగానికొచ్చింది. ఇంత మొండి జీవాన్ని తన పుట్టుకలో చూడలేదని పూజారి నాగన్న గొణుక్కుంటూ మూడో చెంబు ముంచాడు.

గంగాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భక్తితో అనుకున్నారు అందరూ. నిజానికి ఆమె నవ్వు ఆపుకుంటోంది.

జాతర చాటింపు వేసినప్పటి నుంచి, మొక్కు పొట్టేలని కొమ్ములోణ్ణి మందతో తోలక ఇంటి దగ్గరే కట్టేశారు. మొగుడు సుంకప్ప గొర్రెల్ని తోలుకుని గుట్ట వైపు పోగానే ఆమె రోజూ దాని వీపు మీద కడవలతో నీళ్లు గుమ్మరించింది. మొదట్లో అది విదిలించిన విదిలింపుకు ఆమె చీరంతా తడిసేది. పోనుపోను చెవులు మాత్రం ఆడించేది. చివరికి అదీ మానేసింది. నీళ్లంటే దానికి గాలి తగిలినంత మామూలైపోయింది.

ఆమెకు అమ్మవారంటే భయం లేక కాదు. కొమ్ములోడు విత్తనపు పొట్టేలు. మందలో నిలదొక్కుకున్న పిల్లలన్నీ దానివే. అది పోతే మంద చిక్కిపోతుంది, మంద చిక్కితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అమ్మవారి కాళ్లు పట్టుకుని, దీని బదులు ఇంకో పొట్టేలును ఇద్దామని మొగుడికి ఎన్నిసార్లో చెప్పి చూసింది. పెళ్లాం మాట ఏనాడూ కాదనని సుంకప్ప ఈ ఒక్క విషయంలో బండరాయిలా కూర్చున్నాడు. పోయినేడు మూతివాపు రోగం వచ్చినప్పుడు ఒక్కడే గుడికి పోయి మొక్కుకున్నాడట, కొమ్ములోణ్ణే ఇవ్వాలట. ఇంకేం అడిగినా తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచేవాడు. ఆ మొండితనానికి ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ఆమె మోకాలికి మెత్తగా ఏదో తగిలింది. బుడ్డోడు. తల్లి ఆ రోగంలోనే చస్తే, పసిపిల్లల పాలసీసాతో ఆమె పెంచుకున్న పొట్టేలు పిల్ల. ఇప్పుడు కొమ్ములు మొలుస్తున్నా మందలో కలవదు, గడప దగ్గరే పడుకుంటుంది, ఆమె ఎటు పోతే అటు వస్తుంది. ఇవాళా వెంటబడి వచ్చింది. కొంచెంసేపు ఓర్చుకో, కొమ్ములోణ్ణి కూడా తీసుకుని ఇంటికి పోదామని దాని చెవిలో చెప్పింది.

మూడో చెంబూ అయిపోయింది. కొమ్ములోడు కన్ను కూడా ఆర్పలేదు.

నాగన్న చెంబు కింద పెట్టాడు. "సుంకప్పా, అమ్మ వద్దంటాంది. నీ మొక్కులో ఏదో లోపం ఉండాది. దాచకుండా చెప్పప్పా. వానలు పడినాక మళ్లా రోగం తగులుకుంటే ఎవురిది పూచీ?"

ఇప్పుడు దండం పెడతాడు, తప్పు క్షమించమంటాడు, పొట్టేలును విప్పుకుని పోతామనుకుంది గంగాదేవి. సుంకప్ప దండం పెట్టలేదు. గుడి గడప ముందు కూలబడి, తువ్వాలు మొహానికి అదిమి ఏడ్చాడు.

"నేను మొక్కింది కొమ్ములోణ్ణి కాదు తల్లీ," అన్నాడు. "ఆ పొద్దు మందంతా మూతులు వాచి పడుండాది. అప్పుడే పుట్టిన పిల్లను చేతిలో పెట్టుకుని నీ గుడికొస్తి. మంద బతికితే దీన్నే ఇస్తానంటి. తెల్లారి దాని తల్లి సచ్చిపాయ, గంగ సీసాపాలు తాపి సాకె. ఆమె ఒళ్లోంచి దాన్ని ఎట్ల గుంజుకొచ్చేది? అందుకే మందలో మేలైందాన్ని ఇస్తే సర్దుకుంటావనుకుంటి."

అందరి చూపులూ గంగాదేవి మోకాళ్ల దగ్గరికి తిరిగాయి.

ఆమెకు మొగుడి మొండితనమంతా ఎందుకో అప్పుడు తెలిసింది. "మామా, లోపం మొక్కులో లేదు," అంది నాగన్నతో. "రోజూ నేనే దాని మీద నీళ్లు పోసి అలవాటు చేసినా. అందుకే అది విదిలించల్యా. అమ్మ ఏమీ అనల్యా."

నాగన్న ఆమె వైపు జాలిగా చూశాడు. "సాకిన మమకారం అట్ల పలికిస్తాదిలేమ్మా."

ఆమె ఒట్టేసి చెప్పింది. పాలసీసాతో పెంచింది కదా, పాపమని ఆడవాళ్లు ఆమె భుజం నిమిరారు. సుంకప్ప తల ఎత్తనే లేదు.

ఎవరో కొమ్ములోడి మెడలోని వేపమండలు తీసి బుడ్డోడి మెడలో వేశారు. వాడు అవి తనకు మేత అనుకుని ఒక రెబ్బ కొరికాడు. గంగాదేవి కింద కూర్చుని వాడి మెడ చుట్టూ రెండు చేతులూ వేసింది. కదలద్దురా, నా తండ్రీ కదలద్దు, అని గొణిగింది.

నాగన్న చెంబు వంచాడు.

జలుబు చేస్తుందని ఒంటి మీద చినుకు కూడా పడనీయకుండా ఆమె పెంచిన బుడ్డోడు, చల్లటి నీళ్లు తగలగానే ఒళ్లంతా ఒక్కసారిగా విదిలించాడు.