మందునీళ్ల తొట్టి

తెగుళ్లకు లొంగని రకం కోసం ఆరు దేశాల శాస్త్రవేత్తలు కలిసి పదకొండేళ్లుగా పెంచుతున్న అరటితోటకు నేను కాపలాదారుణ్ణి. బయటి మట్టి లోపలికి రాకూడదని గేటు దగ్గర మందునీళ్ల తొట్టి పెట్టారు. బూట్లు అందులో ముంచందే దేవుడు దిగివచ్చినా నేను రానిచ్చేవాణ్ణి కాదు.

ఈ ఉదయం తోట బాధ్యత చూసే శాస్త్రవేత్త మేడం ఒక చెట్టు బోదెను అడ్డంగా కోసి, అక్కడే కూలబడింది. లోపలంతా ఎర్రటి చారలు. ఎండు తెగులు.

"అయిపోయింది తాతా. మట్టిలోకి దిగిందంటే ఇక వదలదు. అన్నీ నరికి కాల్చెయ్యాల్సిందే."

"ఎలా వచ్చిందమ్మా?"

"ఇంకెలా? పోయిన్నెల వచ్చాడే ఆ పైదేశం డాక్టరు, ఆయన బూట్లతోనే. కంచే చేను మేసిందంటే ఇదే. వాళ్లతో ఇక పొత్తే వద్దని ఇవాళే రాసేస్తా. నువ్వెందుకు ఏడుస్తావు? ఇక్కడ పద్ధతిగా ఉన్నది నువ్వొక్కడివే."

"ఆయన రెండుసార్లు ముంచాడమ్మా."

ఆమెను చివరి వరస దాకా తీసుకెళ్లాను. తోటలో ప్రతి చెట్టుకూ నంబరు చీటీ ఉంటుంది. అక్కడ ఒక్కదానికి లేదు.

నిరుడు మా పెరట్లో అరటిచెట్లన్నీ ఎండిపోయాయి. మా ఆవిడ చేత్తో నాటిన చెట్టుకు ఒక్క పిలక మాత్రం పచ్చగా మిగిలింది. దాన్ని దాచడానికి లోకంలో ఇంతకన్నా భద్రమైన చోటు నాకు తోచలేదు.

ఆ రోజు దాని వేళ్ల మట్టి రాలిపోకుండా తడిగోనె చుట్టి భుజానికెత్తుకున్నాను. గేటు దగ్గర ఆగి, రెండు కాళ్లూ మందునీళ్లలో ముంచుకున్నాకే లోపలికి వచ్చాను.