తెల్లారి చూడాల్సిన నీళ్లు

పక్కింటి పుష్పమ్మ చెప్పిందంటూ చంద్రకళ మోసుకొచ్చిన కబురు ఇది.

"ఏవండీ, ఊళ్లోకి మళ్లీ ఎవడో పీఆర్వో దిగాడట. భుజాన సంచీ తగిలించుకుని, హర్షిణి వాళ్లిల్లెక్కడని చెరువుగట్ల మీద అడుగుతూ తిరుగుతున్నాడట. పోయినేడు ఇలాంటివాడే పుష్పమ్మ మేనల్లుడి సర్టిఫికెట్లు ఓసారి చూసిస్తానని పట్టుకెళ్లి, వాళ్ల కాలేజీలో చేరేదాకా తిరిగివ్వలేదటండీ."

కనకరాజుకి అసలే ఒళ్లు మండిపోతోంది. ఇంటర్ ఫలితాలొచ్చింది మొదలు, కాలేజీలకు పిల్లల్ని పట్టిచ్చే ఈ పీఆర్వోల ఫోన్లు పడలేక, కూతురు హర్షిణి సిమ్ము పీకి చేపల చెరువులోకి గిరాటేశాడు.

అయినా ఇంకా ఆలోచించడానికేముంది? హైవే పక్కన కొత్తగా లేచిన ప్రైవేటు యూనివర్సిటీలో రేపే చేర్పించేస్తున్నారు.

కనకరాజుకి నచ్చింది క్యాంపస్. తల్లిదండ్రులందర్నీ ఒకరోజు రమ్మని పిలిచి, మిట్టమధ్యాహ్నం బ్యాండు మేళంతో ఎదురొచ్చి, బిర్యానీ పెట్టి, ఏసీ హాస్టలు, నీలంగా మెరిసే ఈతకొలను తిప్పి చూపించారు.

హర్షిణి ఆ కొలను వంక చూడనే లేదు. ఆ పిల్లకి కావలసింది ఒకే ఒక్క మనిషి. అక్కడ పాఠం చెప్పే సోమసుందరం సారు.

చెరువులో ఆక్సిజన్ తగ్గగానే ఫోను మోగేలా హర్షిణి ఓ చిన్న పరికరం చేసింది. అది ఎందుకు పనిచేయడం లేదో, ఎక్కడ పొరపాటు జరిగిందో ఫోన్లోనే ఓపిగ్గా చెప్పిన మాస్టారాయన. మొహం తెలీదు, గొంతే తెలుసు. సిమ్ముతోపాటే ఆయన నంబరూ పోయిందని పిల్ల ఏడిస్తే, "చేరాక ఎదురుగానే మాట్లాడుకుందువులే" అన్నాడు కనకరాజు.

"దానికి మాస్టారు, నాకు క్యాంపసు. రెండూ ఒక్కచోటే దొరికాయి" అని ఊరంతా చెప్పుకున్నాడు.

తల్లీకూతుళ్లు పెట్టె కొనడానికి కైకలూరు వెళ్లారు. వాళ్లటు వెళ్లగానే గేటు చప్పుడైంది.

యాభై దాటిన మనిషి. చెమటకి చొక్కా వీపుకంటుకుపోయింది. భుజాన సంచీ.

"హర్షిణి వాళ్లిల్లు ఇదేనాండీ?"

"ఇదేనండీ. తమరు ఏ కాలేజీ తరఫున వేంచేశారు?"

"ఏ కాలేజీ తరఫునా కాదండీ. నా పేరు..."

"పేరుతో పనేముందండీ? తలకెంత ముడుతుందో అది చెప్పండి. మేం చేపల్ని కిలోల లెక్కన అమ్ముతాం. మీరు పిల్లల్ని తలల లెక్కన అమ్ముతారటగా."

ఆయన మొహం చిన్నబోయింది. అయినా కదల్లేదు.

"అమ్మాయిని ఆ యూనివర్సిటీలో చేర్చకండి. తన మార్కులకి గవర్నమెంటు కాలేజీలో సీటొస్తుంది. కౌన్సెలింగుకి ఇవాళే ఆఖరు. తనతో ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి."

"అబ్బో, గవర్నమెంటువాళ్లు కూడా పీఆర్వోల్ని పెట్టారేంటండీ!"

"అది కాదండీ. మీరు చెరువు లీజుకి తీసుకునే ముందు ఎప్పుడెళ్లి చూస్తారు?"

కనకరాజు ఎప్పుడూ తెల్లారకుండానే వెళ్తాడు. ఎండెక్కాక ఏ చెరువైనా తళతళలాడుతుంది. గాలి చాలని చెరువులో చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది తెల్లవారుజామునే. కొల్లేటి చుట్టుపక్కల ఈ సంగతి తెలియనివాడు లేడు.

"చేపలవాడికి చెరువు గురించి చెప్పొచ్చావా?"

'అండీ' అక్కడితో అయిపోయింది.

"కాలేజీనీ అలాగే చూడాలండీ. వాళ్లు పిలిచిన రోజున కాదు."

"నడువ్. లేదంటే కుక్కని విప్పుతా."

"ఆ పిల్ల చాలా తెలివైందండీ. నేను ఆ..."

కనకరాజు గొలుసు విప్పేశాడు. చెరువు కాపలా కుక్క గేటు కిందనుంచి దూరి పంట్లాం పట్టుకుంది. ఆయన ఎలాగో విడిపించుకుని, చిరిగిన గుడ్డ ఒక చేత్తో పట్టుకుని, కుంటుతూ గట్టు దిగిపోయాడు.

సాయంత్రం గోడ మీంచి ఈ సంగతి చెబితే, "మంచి పని చేశావన్నయ్యా" అని పుష్పమ్మ ఒకటే నవ్వు.

మర్నాడు యూనివర్సిటీలో ఫీజు కట్టించుకున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

బ్యాండు లేదు. ఎదురొచ్చిన మనిషీ లేడు. ఈతకొలనులో చుక్క నీరు లేదు. ఆరోజు వేసిన ప్లాస్టిక్ కుర్చీలన్నీ దాని అడుగున దొంతరలు పేర్చి ఉన్నాయి. వరసగా ల్యాబులు. వరసగా తాళాలు.

కనకరాజు ఒక తాళం పట్టుకుని లాగి చూశాడు.

హర్షిణి మాత్రం పరుగులాంటి నడకతో స్టాఫ్ రూములోకి వెళ్లింది. గాయత్రి అనే మేడమ్ ఒక్కతే కూర్చుని ఉంది.

"మేడమ్, సోమసుందరం సారు ఎక్కడుంటారండీ?"

"ఆయన పోయిన వారమే మానేశారమ్మా. ల్యాబుల్లో సామానే లేదు, ముందు అది కొనండి, తర్వాత పిల్లల్ని చేర్చుకోండి అన్నారు. వీళ్లు ఆయన్నే వద్దనుకున్నారు."

హర్షిణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను ఆయన కోసమే చేరానండీ. నాకు ఒక్క మాటైనా చెప్పలేదు."

గాయత్రి తలెత్తి చూసింది.

"చెరువుకి పరికరం చేసింది నువ్వేనా? హర్షిణివా?"

"అవునండీ!"

మేడమ్ చూపు పిల్లని దాటి, గుమ్మంలో నిలబడ్డ కనకరాజు మీద ఆగింది.

"చెప్పడానికే నిన్న మీ ఇంటికొచ్చారమ్మా. మీ నాన్నగారు కుక్కని విప్పారట."