మాస్టారి శిష్యుడు

"నా ఫిర్యాదు మీరే విచారిస్తారా సార్?" అడిగింది లెక్చరర్ ఇంద్రజ. పోర్టు పక్క ఇళ్లమీద రాలే బొగ్గుధూళి మీద తను చేసిన పరిశోధనని హెచ్‌ఓడీ గవర్రాజు తన పేరుతో అచ్చేసుకున్నాడు.

"అది చెప్పడానికే పిలిచానమ్మా," అంటున్నాడు యూనివర్సిటీ ఎథిక్స్ ఆఫీసర్ సింహాద్రి. ఇంతలో తలుపు తోసుకుని గవర్రాజే వచ్చాడు.

సింహాద్రి గబుక్కున లేచి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. తన కుర్చీ చూపించాడు.

"కూకోండి మాస్టారూ."



గవర్రాజు దర్జాగా కూర్చున్నాడు. "నీకు పీహెచ్‌డీ సేయించింది నాను. ఈ పిల్ల గోలేటో నువ్వే సూసి తేల్చీ."

ఇంద్రజ బ్యాగు అందుకుని లేచింది.

"నాను సూడకూడదు మాస్టారూ," సింహాద్రి చేతులు కట్టుకునే అన్నాడు. "మీ ముందు నాకు నోరు పెగల్దు. అందుకే కేసు ఇంకో ఎథిక్స్ ఆఫీసర్ దేవకుమారి మేడమ్‌కి ఇచ్చేసినాను. ఆవిడ మీ దగ్గర సదవలేదు."

గవర్రాజు ముఖం నల్లబడింది.

"రండమ్మా, మేడమ్ మీకోసం చూస్తున్నారు," అంటూ సింహాద్రి ఇంద్రజకి తలుపు తీసి పట్టుకున్నాడు.

శిష్యుడిచ్చిన కుర్చీలో గవర్రాజు ఒక్కడే మిగిలాడు.