ప్రార్థనలో పెట్టిన పేరు

గిద్దలూరు చర్చి వరండాలో, చెప్పులు విడిచేచోట నిలబడి, కృప ఆ పేరును మెల్లగా పలికి చూసుకుంటున్నది.

"ఓఎస్‌సీపీ."

"ఆ పరీక్షా?" అన్నది పక్కనున్న స్త్రీ.

కృప ఉలిక్కిపడింది. ఆమెను మునుపెన్నడూ చూడలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల నూలుచీర, చేతికి గడియారం. పట్నం మనిషి.

ఆ రోజు యువజన ఆదివారం. చుట్టుపక్కల ఊళ్ల సంఘాలన్నీ ఆటోల్లో వచ్చి చేరే రోజు. ఏటా ఆనాడు చదువుకున్న బిడ్డనొకరిని ముందుకు పిలుస్తారు. రాయబోయే పరీక్ష ఏదో ఆ బిడ్డ అందరికీ వినబడేలా చెప్పాలి. దానిని ప్రార్థనలో పెడతారు. రుసుము సంఘమే కడుతుంది. ఒక బిడ్డకు ఒకే పరీక్ష.

ప్రార్థనలో పెట్టిన పేరును తరువాత మార్చడమంటూ ఉండదు. అది దేవునితో ఒకటి చెప్పి మరొకటి చేయడమవుతుంది.

ఈ ఏడు రాచర్ల ఊరినుంచి వచ్చిన కృప వంతు.

"ఆ పరీక్ష సంగతి మీకు తెలుసా అక్కా?"

"తెలుసు. ఒక పగలూ ఒక రాత్రీ ఒంటరిగా కూర్చుని, వాళ్లిచ్చిన కంప్యూటర్ల భద్రతలో లోపాలు కనిపెట్టి లోపలికి చొరబడాలి. ఎక్కడైనా పనిచేశావా?"

"లేదు. బీటెక్ అయింది. వీడియోలు చూసి నేర్చుకుంటా ఉన్నా."

"అయితే ఇప్పుడే వద్దు. ముందు సెక్యూరిటీ ప్లస్ పరీక్ష రాయి."

"అది చిన్నది గదా."

"చిన్నదే. కాని దానితో కాపలా ఉద్యోగం దొరుకుతుంది. కంపెనీ నెట్‌వర్కులోకి ఎవరు వస్తున్నారో, ఏం పట్టుకుపోతున్నారో తెర మీద చూస్తూ ఉండాలి. రెండేళ్లు అలా చూస్తే దొంగ దారి నీకే తెలుస్తుంది. అప్పుడు పెద్దది..."

"ఏం ఉద్యోగమన్నారు?"

"కాపలా."

కృప గొంతు మారింది.

"మా తాత చెన్నకేశవులు బత్తాయితోటకు కాపలా. మా నాయన ఇప్పటికీ ఆ తోటకే కాపలా. ఇంక నేను కంప్యూటరుకు కాపలానా?"

"అది వేరు తల్లీ..."

"ఏంది వేరు? కాలేజీలో సారు నాకు డేటా ఎంట్రీ చాలన్నాడు. ఇంటర్వ్యూలో ఒకాయన ఊరిపేరు అడిగి నవ్వినాడు. ఇప్పుడు మీరు వచ్చినారు. పెద్దది మీ పిల్లలకు, చిన్నది మాకు. అంతేనా?"

"నా మాట విను. నేను కూడా..."

"మీరు కూడా ఏంది? తెల్లచీర కట్టుకొనొచ్చి మాకు బుద్ధులు చెప్పేవాళ్లను చానామందిని చూసినాం. మీ సలహా మీ కారులోనే పెట్టుకొని పోండి!"

"కారు లేదమ్మా. ఆటోలో వచ్చాను."

"అయితే ఆటోలోనే పోండి!"

మెట్ల మీద కూర్చున్న మగ్దలీనమ్మ అవ్వ తలెత్తింది.

"ఏందే కృపా, అయ్యగారి మైకు గాని మింగినావా?"

ఎవరో నవ్వినారు. ఆ స్త్రీ మాత్రం నవ్వలేదు. ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

అది తప్పు తెలిసిన మనిషి మౌనమని కృప అనుకున్నది. తాను గెలిచానని కూడా అనుకున్నది.

లోపలినుంచి పిలుపు వచ్చింది.

నిజానికి నిన్నటిదాకా కృపకూ సందేహమే. చిన్నదే మేలేమోనని ఒకటికి రెండుసార్లు తోచింది. వేదిక వైపు నడుస్తున్నప్పుడు ఆ సందేహం లేదు. అయితే దానిని తీర్చింది ఆలోచన కాదు.

"ఏ పరీక్ష బిడ్డా?" అని అడిగినాడు పాస్టరు ఇమ్మానుయేలు.

కృప గుమ్మం వైపు చూసింది. తెల్లచీర అక్కడే ఉన్నది.

"ఓఎస్‌సీపీ."

"గట్టిగా చెప్పు. వెనకాల ముసలోళ్లకు వినపడాల."

"ఓఎస్‌సీపీ!" కృప దాదాపు అరిచింది.

అందరూ కళ్లు మూసుకున్నారు. నోరు తిరగని ఆ పేరును అవ్వలు తమకు వచ్చినట్లు పలుకుతూ దేవునికి అప్పగించారు. "ఆమేన్" అన్న కేక కప్పును తాకింది.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

ఆరాధన ముగిశాక పాస్టరమ్మ రోశమ్మ, వంటకాడ నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సుజాత యాడికి పోయింది? నీతో మాట్లాడాలని హైదరాబాదు నుంచి వచ్చె."

"ఏ సుజాత?"

"తెల్లచీర కట్టుకొని వరండాలో నీ పక్కనే ఉండె గదా."

"ఆమెనా? ఎవరో ఆఫీసరమ్మ అనుకున్నా. చిన్నది రాయమనింది. తిట్టి పంపించినా."

"తిట్టినావా?"

"మరి మనల్ని చులకన చేస్తే..."

"చులకనేంది కృపా! ఆమె కొమరోలు పిల్ల. మన సంఘం బిడ్డే. నీ సంగతి నేనే ఫోనులో చెప్పినా."

కృప గుమ్మం వైపు చూసింది. బయట ఆటోలు ఒక్కొక్కటిగా కదులుతున్నాయి.

"ఇంతకీ ఏ పేరు చెప్పినావు? పొయ్యికాడ నాకు వినపడలేదు."

కృప చెప్పింది. ఈసారి గట్టిగా కాదు.

రోశమ్మ అక్కడే చాపమీద కూలబడింది.

"మన సంఘం మొట్టమొదట ప్రార్థనలో పెట్టిన బిడ్డ ఆమె, ఇదే పరీక్ష పేరు చెప్పి, తప్పి, ఇంతమంది ప్రార్థన వమ్ము చేసినానని మళ్లా ఈ గడప తొక్కని మనిషి, నిన్ను ఆపడానికే ఇవాళ వచ్చింది."